ఈవ్ ఆన్‌లైన్‌లో గూఢచర్యం

ఈవ్ ఆన్‌లైన్ అంతరిక్ష క్రీడలో ప్రత్యర్థి వర్గాల గుట్టు రాబట్టే పద్ధతి. ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003 మేలో విడుదల చేసిన ఈ ఆటలో ఆటగాళ్లు కార్పొరేషన్లుగా, కార్పొరేషన్లు అలయన్స్‌లుగా జట్టుకడతాయి. వేగులు మారుపాత్రతో అవతలి వర్గంలో చేరి, నమ్మకం సంపాదించి, నౌకాదళాల కదలికలను చేరవేస్తారు. బయటి నిఘాకు డైరెక్షనల్ స్కానర్ ఉంది. అది సుమారు 14 ఖగోళ ప్రమాణాల దూరం దాకా ఉన్న నౌకల రకాలను, పేర్లను చూపుతుంది. కూలిన నౌకల నివేదికలను బట్టి ప్రత్యర్థి ఏ ఆయుధాలు వాడుతున్నదీ, ఏ వేళల్లో ఆడుతున్నదీ పసిగట్టవచ్చు. కొత్తగా చేరేవారి పూర్వాపరాలు ఆరా తీయడమే చొరబడే వేగులకు విరుగుడు.

2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అలయన్స్‌లో డైరెక్టర్ అధికారాలున్న ఒక ఆటగాడు ప్రత్యర్థి అలయన్స్ గూన్‌స్వార్మ్ వైపు ఫిరాయించాడు. ఆ అధికారాలతోనే అలయన్స్‌ను రద్దు చేయడంతో, దాని ఏలుబడిలోని ప్రాంతాలపై హక్కులు పోయాయి. ఆటలో ఇలాంటి వంచన నిబంధనలకు లోబడినదే. ఇతరుల ఖాతాల్లోకి చొరబడటం మాత్రం నిషిద్ధం.