జారిన భుజం: వాత నుండి కుట్టు దాకా

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగేకొద్దీ అడవి దగ్గరవుతుంది. ఈ సరిహద్దు ప్రాంతంలో బ్రతుకు బరువంతా భుజం మీదనే పడుతుంది. తాటిచెట్టు ఎక్కేవాడు, గోదావరిలో వల విసిరేవాడు, కట్టెలమోపు ఎత్తేవాడు, అందరూ చేయి పైకెత్తి పని చేసేవారే. అటువంటి వానికి ఒకసారి భుజం జారితే ఊరిలో కట్టు కట్టే మనిషి లాగి సరిచేస్తాడు. కొన్నాళ్ళకు మళ్ళీ జారుతుంది. మూడవసారికి నిద్రలో పక్కకు ఒత్తిగిలినా జారుతుంది. "ఎక్కిస్తే ఎక్కుతున్నది కదా, ఇక ఆసుపత్రి ఎందుకు?" అని ఇంటివారు అంటారు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి సమాధానం వెదకిన వైద్యుల పరంపర రెండువేల ఏండ్లకు పైబడినది. అందులో ముస్లిం వైద్యుల స్థానం ఏమిటో, అతిశయోక్తి లేకుండా పరిశీలిద్దాం.

ముందుగా కీలు నిర్మాణాన్ని గుర్తుంచుకోవాలి. చేతి ఎముక తల బంతి వలె గుండ్రంగా ఉంటుంది. అది ఆనుకొనే రెక్క ఎముక గుంట మాత్రం లోతు లేనిది, చిన్న పళ్ళెంలో పెద్ద నిమ్మపండు పెట్టినట్లు. గుంట అంచు చుట్టూ ఉండే గట్టి కట్ట, దానికి అంటిన బంధనాలు, చుట్టూ ఉన్న కండరాలు ఆ బంతిని నిలుపుతాయి. చేయి అన్ని దిక్కులా తిరగడానికి కారణం ఈ ఏర్పాటే. సులభంగా జారడానికీ కారణం ఇదే.

బుఖ్రాత్ అని అరబ్బీ గ్రంథాలు పేర్కొనే హిపోక్రటీస్ పేర ఉన్న కీళ్ళ గ్రంథంలో, మాటిమాటికీ జారే భుజానికి ప్రత్యేక చికిత్స కనిపిస్తుంది. చంకలోని చర్మాన్ని పైకి పట్టి, ఎర్రగా కాల్చిన సన్నని ఇనుప కడ్డీలతో వాత పెట్టి, పిమ్మట చేతిని ప్రక్కకు ఆనించి కట్టాలి. మానిన మచ్చ బిగుసుకొని, ఎముక జారే త్రోవను మూసివేస్తుందని ఆ గ్రంథకర్త భావన. ఈ బాధ వల్ల ఎందరో మల్లులు పోటీలకు దూరమయ్యారని, యుద్ధంలో ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారని అందులోనే ఉన్నది.

ఈ విద్యను సుమారు క్రీ.శ. 1000 నాటికి స్పెయిన్‌లోని ఖుర్తుబా దగ్గర క్రమబద్ధం చేసినవారు అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ. వారి "అత్తస్రీఫ్" 30 భాగాల గ్రంథం. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించబడింది: మొదట వాతలు, తరువాత కోతలు, ఆ తరువాత ఎముకలు, కీళ్ళు. జారే భుజానికి రెండు మొనలు గాని మూడు మొనలు గాని గల వాతకడ్డీని వారు వర్ణించారు. కీలు బలపడేవరకు రోగి చేతిని కదలనీయరాదని కూడా చెప్పారు. నిప్పుతో వాత పెట్టడం పట్ల హదీసులలో ఇష్టం కనబడదు. అయినా అవసరం ఏర్పడినచోట దానిని ఆశ్రయించిన సందర్భాలు ఉన్నాయి. ఆ నేపథ్యంలో, వాత ఎక్కడ పెట్టాలో, ఎక్కడ కూడదో విడమరచి వ్రాయడం చిన్న విషయం కాదు.

అంతకంటె విలువైనది ఆ భాగానికి వ్రాసిన పీఠిక. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పట్టరాదని, అటువంటి వారి చేతిలో రోగులు మరణించడం చూశామని అజ్జహ్రావీ హెచ్చరించారు. 12వ శతాబ్దంలో టొలీడోలో క్రిమోనా వాసి జెరార్డ్ ఈ భాగాన్ని లాటిన్‌లోనికి తెచ్చాడు; యూరప్ శస్త్రవైద్యులు శతాబ్దాల పాటు దానిని చదివారు.

ఈ వారసత్వంలో మన హైదరాబాద్‌కూ భాగమున్నది. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్, 13వ శతాబ్దపు క్రైస్తవ వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ అరబ్బీలో రచించిన శస్త్రచికిత్సా గ్రంథాన్ని 1937లో ముద్రించింది. అదే నగరంలో, నిజాం ఆర్థిక సహాయంతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు మత్తుమందు ప్రమాదాలను పరీక్షించాయి. మత్తుమందు, క్రిమిరహిత పద్ధతి లేనిదే కీలును తెరచి చూడడం సాధ్యం కాదు.

తెరచి చూసినప్పుడే అసలు లోపం బయటపడింది. 1906లో జర్మనీ వైద్యుడు పెర్తెస్, 1923లోను 1938లోను లండన్ వైద్యుడు బ్యాంకార్ట్ ఒకే సంగతి చెప్పారు: భుజం ముందుకు జారినప్పుడు గుంట అంచు నుండి ఆ కట్ట ఊడిపోతుంది, అది తనంతట తాను సరిగా అతకదు. కనుక దానిని తిరిగి ఎముకకు కుట్టాలి. 1940లో హిల్, సాక్స్ అనే వైద్యులు ఎముక తల వెనుక ఏర్పడే నొక్కును ఎక్స్‌రేలో వివరించారు. గుంట అంచు అరిగిపోయినవారికి, దగ్గరలోని ఎముక ముక్కను తెచ్చి అక్కడ బిగించే పద్ధతిని ఫ్రాన్సు వైద్యుడు లాతార్జే 1954లో ప్రకటించాడు. ఇప్పుడు బ్యాంకార్ట్ కుట్టును చిన్న రంధ్రాల గుండా దూరదర్శిని గొట్టం చొప్పించి కూడా వేస్తున్నారు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. 1990లలో పాత వాత కొత్త వేషంలో తిరిగి వచ్చింది. లేజరుతో, రేడియో తరంగాల వేడితో కీలు సంచిని ముడుచుకొనేటట్లు చేసే చికిత్స కొంతకాలం ప్రచారం పొందింది. చాలామందిలో భుజం మళ్ళీ జారింది. కొందరిలో కీలులోని మృదులాస్థి కరిగిపోయింది. వైద్యలోకం దానిని విడిచిపెట్టింది. వేడి వదులును బిగించగలదేమో గాని, ఊడినదానిని అతికించలేదు.

కనుక పూర్వీకులు దేనిని గ్రహించారు, దేనిని గ్రహించలేదు? ఎముకను ఎక్కించడం ఒక పని, మళ్ళీ జారకుండా చూడడం వేరొక పని అని వారు స్పష్టంగా గ్రహించారు. జారడానికి మూలమైన చిరుగును మాత్రం వారు చూడలేకపోయారు. వారిని గౌరవించడమంటే వారి వాతకడ్డీని పట్టుకొని కూర్చోవడం కాదు, శరీర నిర్మాణం నేర్చుకొమ్మన్న వారి మాటను పాటించడం.

మన పల్లెలలో వాతలు పెట్టే అలవాటు పూర్తిగా పోలేదు. జారే భుజానికి నేడు దాని అవసరం లేదు. భుజం జారిన ప్రతిసారీ గుంట అంచు కొంత అరుగుతుంది. ఆలస్యం చేసినకొద్దీ కుట్టుతో పోయే పని ఎముక ముక్క బిగించే దాకా వస్తుంది. మొదటిసారి ఇరవై ఏండ్లలోపు జారినవారికి తిరిగి జారే అవకాశం చాలా ఎక్కువ. అయితే అందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉన్నవారికి ముందు వ్యాయామం చెబుతారు. మూర్ఛల వల్ల జారేవారికి ముందు మూర్ఛను అదుపు చేయాలి.

శస్త్రచికిత్స తరువాత సుమారు నాలుగు నుండి ఆరు వారాలు చేయి జోలెలో ఉంచాలి. బరువు పనికి కొన్ని నెలలు ఆగాలి. కూలి చేసుకొనే మనిషికి అసలు కష్టం ఇదే. కత్తికి జంకి కాదు, ఆ నెలల గ్రాసం తలచుకొని అతడు వెనుకాడతాడు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమై దూరం కొంత తగ్గింది. ఆ కొన్ని నెలలు అతని ఇంటి పొయ్యి ఆరకుండా చూసే బాధ్యత ఇరుగుపొరుగుది, జమాఅత్‌ది. అజ్జహ్రావీ చేతిని కదలనీయవద్దన్నారు. కదలకుండా ఉండగలిగే వీలు అతనికి కల్పించవలసినది మనమే.