మేడ్చల్, శామీర్‌పేట: గుట్టల కింది చెరువులు, చెరువుల పక్కన ప్లాట్లు

హైదరాబాద్‌కు ఉత్తరాన, నాగ్‌పూర్ హైవే మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా ‘అత్రాఫ్-ఎ-బల్దా’ జిల్లాలో ఉండేది. నగరం చుట్టుపక్కల అని ఆ మాటకు అర్థం. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. 2016 అక్టోబర్ 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వచ్చింది. కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది.

ఇక్కడ నేల చదునుగా ఉండదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు గుట్టలై నిలిచాయి. వాటి మధ్య ఎర్రటి చల్కా నేల. చల్కాలో తేమ ఎక్కువ రోజులు నిలవదు, కొంచెం లోతుకు పోతే బండ తగులుతుంది. అందుకే పెద్దలు పల్లం చూసి కట్టలు పోసి, వాన నీటిని ఆపుకున్నారు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. చెరువు కింద వరి, మెట్టలో జొన్న వేసేవారు. బోర్లు పడ్డాక కూరగాయలు, ద్రాక్ష తోటలు వచ్చాయి. ఆ తోటల్లో చాలా వాటి స్థానంలో ఇప్పుడు వెంచర్లున్నాయి.

ఫ్యాక్టరీలకూ ఈ ప్రాంతం పేరున్నదే. 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ ప్లాంటు మేడ్చల్ దగ్గర ఉంది. కోవాగ్జిన్ తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ నుంచి వచ్చింది.

ప్లాటు కొనే కుటుంబాలకు మాత్రం పాత రెవెన్యూ మాటలే ముఖ్యం. అవి మన ఇళ్లలో తెలిసిన మాటలే. తరి అంటే నీటి పారకం ఉన్న భూమి, ఖుష్కి అంటే మెట్ట. షికం అంటే చెరువు కడుపు. షికం భూమికి పట్టా ఉన్నా, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే, ఇల్లు కట్టడానికి కాదు. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. నిజాం కాలపు సేత్వార్ ఉర్దూలో ఉంటుంది కాబట్టి, ఆ నకలు తెప్పించి ఇంట్లో ఉర్దూ చదివే పెద్దవాళ్లకు చూపిస్తే మంచిది. ఎండాకాలంలో నచ్చిన ప్లాటును ఒకసారి గట్టి వాన పడ్డ మర్నాడు కూడా వెళ్లి చూడాలి. నీళ్లు ఏ దారిన పోతున్నాయో అప్పుడే కనిపిస్తుంది.