లెక్కల్లో మనం: నూట యాభై ఏండ్లుగా మనల్ని ఎవరు, ఎట్లా లెక్కపెట్టారు?



గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు గణాంకశాస్త్రం పాఠం తలకెక్కట్లేదని అడుగుతున్నారు. దత్తాంశం అంటే ఏంది, గుణాత్మకం ఏది, పరిమాణాత్మకం ఏది, సగటుకు మధ్యగతానికి తేడా ఏంది అని. పుస్తకాల్లో క్రికెట్ స్కోర్లు, తరగతి మార్కులు ఉదాహరణగా ఇస్తారు. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. నూట యాభై ఏండ్లుగా ఈ దేశంలో లెక్కపెట్టబడినవాళ్లం మనమే. ఆ చరిత్ర చెప్పుకుంటే పాఠం దానంతట అదే వస్తది. అందుకే ఈ పోస్టు కొంచెం పెద్దగా రాస్తున్నాం, ఓపికగా చదవండి.

ముందు ఒక్క మాట. దత్తాంశం అంటే అడవిలో ఇప్పపువ్వులాగా రాలిపడి ఉండేది కాదు. ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు, ఇంకెవరో జవాబు చెప్తారు, మూడో మనిషి దాన్ని ఒక గడిలో రాస్తాడు. అట్లా పోగైన జవాబులే దత్తాంశం. ప్రశ్న మారితే జవాబు మారుతది. గడి మారితే మనిషే మారిపోతాడు. ఇది మన చరిత్రలో ఎన్నిసార్లు జరిగిందో చూద్దాం.

బ్రిటిష్ వాళ్లు 1871-72లో మొదటిసారి జనాభా లెక్కలు తీశారు. అది దేశమంతా ఒకేసారి జరగలేదు. 1881లో జరిగిందే దేశవ్యాప్తంగా ఒకేసారి తీసిన మొదటి లెక్క. అప్పటినుంచి 2011 దాకా ప్రతి పదేండ్లకు తప్పకుండా జరిగింది. ఇంటింటికీ తిరిగి ఒక్కరినీ వదలకుండా లెక్కించడాన్ని సంపూర్ణ గణన అంటాం. కొందరినే ఎంచుకుని, వాళ్లను బట్టి అందరి గురించి అంచనా వేస్తే నమూనా సర్వే. సెన్సస్ మొదటి రకం. 1950లో పి.సి. మహలనోబిస్ చొరవతో మొదలైన జాతీయ నమూనా సర్వే రెండో రకం.

1871లోనే ఇంకో పని కూడా జరిగింది. నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మన ఎరుకల సోదరులను, ఇంకా ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్లలో ఎక్కించారు. ఒక మనిషి ఏం చేశాడన్నది వాళ్లకు అవసరం లేదు, ఏ కులంలో పుట్టాడన్నదే చూశారు. ఆ చట్టం 1952లో రద్దయింది కానీ ఆ ముద్ర జనం నోట్లో నుంచి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఒక గడిలో రాసిన ఒక్క మాటకు ఎంత బలం ఉంటదో దీన్నిబట్టే తెలుస్తది.

ఇప్పుడు దత్తాంశంలో రకాలు. పేరు, తెగ, భాష, మతం లాంటివి గుణాత్మక దత్తాంశం. వీటిని కూడలేం, భాగించలేం. ఏ గడిలో ఎంతమంది ఉన్నారో మాత్రం లెక్కపెట్టగలం. వయసు, ఎత్తు, భూమి, ఆదాయం లాంటివి పరిమాణాత్మక దత్తాంశం. అందులో మళ్లీ రెండు. ఇంట్లో పిల్లలెందరు అంటే ఇద్దరు, ముగ్గురు అంటాం కానీ రెండున్నర అనం. అది విచ్ఛిన్న దత్తాంశం. పోడు భూమి ఎంత అంటే రెండెకరాల పది గుంటలని ఎంత సన్నగానైనా కొలిచి చెప్పొచ్చు. అది అవిచ్ఛిన్న దత్తాంశం.

గుణాత్మక దత్తాంశంలో గడి పేరు ఎవరు పెడతారన్నది పెద్ద ప్రశ్న. మన పేర్లు చూడండి. 1891లో కమిషనర్ బెయిన్స్ మనల్ని ‘అటవీ తెగలు’ అన్నాడు. 1901లో ‘ఆత్మారాధకులు’ అయ్యాం, అంటే చెట్టులో పుట్టలో ప్రాణం ఉందని మొక్కేవాళ్లమని. 1911లో ‘తెగల మతం పాటించేవారు’. 1921లో ‘కొండ, అటవీ తెగలు’. 1931లో హట్టన్ కాలానికి ‘ఆదిమ తెగలు’. 1941లో ఉత్త ‘తెగలు’. యాభై ఏండ్లలో ఇన్ని పేర్లు మార్చారు. గూడేల్లో మనుషులు అట్లనే ఉన్నారు, అదే కొండ, అదే వాగు. ఏ పేరుకూ మనల్ని అడిగినవాళ్లు లేరు.

పేరుతో పాటు అంకె కూడా మారింది. 1931లో తెగల మతాలవారిగా రాసుకున్నది సుమారు 83 లక్షల మందిని. 1941లో తెగల జనాభా సుమారు రెండున్నర కోట్లని తేలింది. పదేండ్లలో మూడింతలు! అంతమంది పిల్లలు పుట్టారా? లేదు. 1931 అంకె మతాన్ని అడిగి తీసినది, హిందువులనో క్రైస్తవులనో రాసినవాళ్లు అందులో లేరు. 1941లో మతాన్ని పక్కకు పెట్టి ఏ తెగలో పుట్టారన్నది చూశారు. అందుకే రెండు అంకెలను పోల్చే ముందు ప్రశ్న ఒకటేనా అని చూడాలి. పరీక్షలో ఇది అడగకపోవచ్చు, బతుకులో మాత్రం పనికొస్తది.

ఇక కొలతల కథ. 1901 సెన్సస్ కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కులు కొలిపించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి వందతో గుణిస్తే ఒక సూచిక వస్తది. ముక్కు ఎంత వెడల్పుగా ఉంటే సమాజంలో హోదా అంత తక్కువని ఆయన వాదన. మన దక్షిణాదిలో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్‌టన్ కూడా ఇట్లాంటి కొలతలే తీశాడు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో మన తెగలు చాలా ఉన్నాయి.

ఇందులో తప్పెక్కడుందో గణాంకశాస్త్రమే చెప్తది. 1946లో స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త కొలతలను నాలుగు మెట్లుగా విడగొట్టాడు. ఉత్త పేరు మాత్రమే చెప్పేది నామ మాపని, తెగ పేరు లాగా. ముందు వెనకల వరుస చెప్పేది క్రమ మాపని, ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు లాగా. తేడా చెప్పగలిగి, నిజమైన సున్నా లేనిది అంతర మాపని. 20 డిగ్రీల వేడి 10 డిగ్రీలకు రెండింతలు అనలేం కదా, అట్లా. నిజమైన సున్నా ఉండేది నిష్పత్తి మాపని, ఎత్తు, బరువు, ఎకరాలు. తెగ పేరు నామ మాపని, దానికి పైన కింద అనేదే లేదు. ముక్కు కొలత నిష్పత్తి మాపని. రిస్లీ ఈ రెంటినీ కలిపి హోదా అనే క్రమ మాపని తయారుచేశాడు. మిల్లీమీటర్లు సరిగ్గానే ఉండొచ్చు. కానీ ఏ మిల్లీమీటరులోనూ హోదా ఉండదు. తన మనసులో ముందే ఉన్న వరుసను తెచ్చి కొలత మీద పెట్టాడు.

అట్లని కొలవడమే పాపం అనుకోవద్దు. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన తెలుగువాడు సి.ఆర్. రావు గారు కూడా 1940లలో మహలనోబిస్‌తో కలిసి ఉత్తరప్రదేశ్ కులాల, తెగల శరీర కొలతలను విశ్లేషించారు. ఒక సమూహం ఇంకో సమూహానికి ఎంత దగ్గర, ఎంత దూరం అని చూశారు. ఒక్క ముక్కును పట్టుకోకుండా చాలా కొలతలను కలిపి చూసే పద్ధతులు అట్లాంటి పనుల్లోనే పదునెక్కాయి, ఇప్పుడవి ప్రపంచమంతా వాడుతున్నారు.

లెక్క మనకు మేలు చేసిన సందర్భం కూడా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితి తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పెట్టుకుంది. ఆయన ఆఫీసులో కూర్చుని పాత ఫైళ్లు తిప్పలేదు. మన ఊర్లలో ఉండి, మన భాష నేర్చుకుని, ఎవరి భూమి ఎట్లా పోయిందో అడిగి రాశాడు. ఇట్లా స్వయంగా పోయి సేకరించింది ప్రాథమిక దత్తాంశం. ఇంకొకరు రాసింది తెచ్చుకుంటే ద్వితీయ దత్తాంశం. ఆయన నివేదికల తర్వాతే గోండులకు, కొలాములకు పట్టాలు రావడం, మార్లవాయిలో గోండి టీచర్ల శిక్షణ మొదలవడం జరిగాయి. అయితే ఒకటి మరువొద్దు, భీం పోరాడకపోతే ఆ లెక్క తీసేవాడే లేడు.

ఇప్పుడు మనలో మనకు గొడవ తెచ్చే అంకెకు వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఎస్టీలు 16.58 లక్షలు, 1981లో 31.76 లక్షలు. దాదాపు రెండింతలు. ఆ పదేండ్లలో రాష్ట్ర జనాభా మొత్తం 23 శాతం పెరిగింది. మనం కూడా అంతే పెరిగామనుకుంటే 20.4 లక్షలు కావాలి. మిగతా 11 లక్షలకు పైగా ఎక్కడినుంచి వచ్చారు? 1976 చట్టంతో ప్రాంతాల పరిమితి తీసేశారు. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే ఎస్టీలుగా ఉన్న లంబాడీలు తెలంగాణలోనూ జాబితాలోకి వచ్చారు. అంటే ఇది ఎక్కువగా జాబితా మారడం వల్ల పెరిగిన అంకె. ఈ గ్రూపులో గోండు, కోయ, చెంచు, ఎరుకల, లంబాడీ అందరం ఉన్నాం. ఈ విషయం మీద ఎవరి వాదన వాళ్లకుంది, దాన్ని ఇక్కడ తేల్చం. కానీ వాదించే ముందు అంకె ఏం చెప్తున్నదో, ఏం చెప్పట్లేదో ఇద్దరికీ తెలియాలి. వాటా ఎంత అనేది అంకె చెప్పదు, అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

సగటు చేసే మోసం కూడా చూడండి. ఒక గూడెంలో ఐదు ఇండ్లు అనుకుందాం. నాలుగు ఇండ్ల ఏడాది ఆదాయం 40, 45, 50, 55 వేలు. ఐదో ఇల్లు సర్కారు టీచరుది, 6 లక్షలు. మొత్తం 7 లక్షల 90 వేలు, ఐదుతో భాగిస్తే సగటు 1 లక్ష 58 వేలు. ఆ గూడెంలో అంత ఆదాయం ఉన్నది ఒక్క ఇంటికే! వరుసగా పేర్చి నడిమి ఇల్లు చూస్తే 50 వేలు. అది మధ్యగతం. గూడెం గోస అందులో కనబడుతది. 2011లో ఉమ్మడి రాష్ట్ర ఎస్టీల అక్షరాస్యత 49.2 శాతం. విడదీసి చూస్తే మగవాళ్లు 58.3, ఆడవాళ్లు 40.1. ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే మన అక్కచెల్లెళ్లు అందులో దాక్కుపోతారు. తెగల వారీగా విడదీయకపోతే చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు కూడా అట్లనే కనబడకుండా పోతారు.

భాష సంగతి ఇంకా బాధాకరం. 1971 నుంచి పది వేల కంటే తక్కువమంది మాట్లాడే భాషలను సెన్సస్ విడిగా చూపించట్లేదు, ‘ఇతరాలు’లో కలిపేస్తున్నది. 2011లో గోండి మాతృభాషగా చెప్పుకున్నది 30 లక్షల లోపే. దేశంలో గోండుల జనాభా కోటికి పైనే. కొందరికి నిజంగానే భాష పోయింది. ఇంకొందరు ఇంట్లో మాట్లాడుతూనే బయట తెలుగనో హిందీ అనో రాయించి ఉంటారు. మతం కూడా అంతే. స్వాతంత్ర్యం వచ్చాక మనకు వేరే గడి లేదు. అయినా 2011లో ‘ఇతర మతాల’ కింద 79 లక్షల మంది నమోదైతే, అందులో దాదాపు 50 లక్షలు సర్నా అని రాయించుకున్న జార్ఖండ్, ఒడిశా వైపు ఆదివాసులే. గడి లేకపోయినా పట్టుబట్టి చెప్పారు కాబట్టే ఆ అంకె పుట్టింది.

2021లో జరగాల్సిన లెక్క ఆగిపోయింది. వచ్చే సెన్సస్‌కు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు, ఈసారి కులాలను కూడా లెక్కిస్తారు. అందుకే మన గ్రూపు తరఫున అడిగేది ఇది. ఎన్యూమరేటర్ గూడేనికి, తండాకు, పెంటకు వచ్చేటప్పుడు చదువుకున్నవాళ్లు ఒక్కరన్నా ఊర్లో ఉండండి. తెగ పేరు పూర్తిగా చెప్పండి. ఇంట్లో మాట్లాడే భాషనే మాతృభాషగా చెప్పండి. అవ్వ, తాతల వయసు, పనికి పోయిన అన్నల పేర్లు వదిలిపోకుండా చూడండి. ఏం రాశారో చదివి వినిపించమని మర్యాదగా అడగండి.

ఇంకోటి, సర్కారు లెక్క కోసమే ఆగొద్దు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎన్ని ఇండ్లు, ఎవరికి పట్టా ఉంది, బడి మానేసిన పిల్లలెందరు, నీళ్లకు ఎంత దూరం పోతున్నారు, ఇవే రాయండి. ఏది పేరు, ఏది వరుస, ఏది కొలత అన్నది పక్కన గుర్తు పెట్టండి. పాఠం దానితోనే వస్తది. రేపు ఆఫీసులో ‘మీ ఊర్లో అట్లాంటి సమస్యే లేదు’ అని ఎవరన్నా అంటే, ముందు పెట్టడానికి మన చేతిలో మనం రాసుకున్న లెక్క ఉంటది.

ఇన్నేండ్లూ వేరేవాళ్లు అడిగిన ప్రశ్నలకు మనం జవాబులమయ్యాం. ఈసారి ప్రశ్న కూడా మనమే అడుగుదాం.

జోహార్!