యుద్ధనౌకలు ఢీకొనడానికి జీపీఎస్ హ్యాకింగే కారణమా? 2017 ప్రమాదాల్లో అసలేం తేలిందంటే..

2017 ఆగస్టు 21 తెల్లవారుజామున సింగపూర్ జలసంధి దగ్గర అమెరికా యుద్ధనౌక యూఎస్ఎస్ జాన్ ఎస్ మెక్‌కెయిన్, ఆల్నిక్ ఎంసీ అనే ట్యాంకర్ ఢీకొన్నాయి. 10 మంది నావికులు చనిపోయారు. అంతకు రెండు నెలల ముందే, జూన్ 17న జపాన్ తీరంలో యూఎస్ఎస్ ఫిట్జెరాల్డ్, ఓ కంటైనర్ షిప్ ఢీకొన్న ఘటనలో ఏడుగురు మరణించారు. వరుసగా ఇలా జరగడంతో 'ఎవరో జీపీఎస్ హ్యాక్ చేశారు' అన్న ప్రచారం జోరందుకుంది.

అనుమానానికి కారణం లేకపోలేదు. అదే జూన్‌లో నల్ల సముద్రంలో, రష్యా రేవు నోవొరొసిస్క్ దగ్గరున్న 20కి పైగా నౌకలకు జీపీఎస్ తప్పుడు లొకేషన్ చూపించింది. షిప్పులు నీళ్లలో ఉంటే, మ్యాప్‌లో మాత్రం ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు! దీన్నే స్పూఫింగ్ అంటారు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి కిందికొచ్చే సిగ్నల్ చాలా వీక్. దగ్గర్లోని బలమైన ట్రాన్స్‌మిటర్‌తో దాన్ని అణిచేస్తే జామింగ్. నకిలీ సిగ్నల్‌తో రిసీవర్‌ను నమ్మిస్తే స్పూఫింగ్. జామింగ్ అయితే సిగ్నల్ పోయిందని వెంటనే తెలుస్తుంది. స్పూఫింగ్‌లో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే డేంజర్.

అయితే సైన్యం వాడే జీపీఎస్ సిగ్నల్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. పైగా ఎదురొచ్చే ఓడను పసిగట్టేది ప్రధానంగా రాడార్, డెక్ మీద కాపలా ఉన్నవాళ్ల కళ్లు. సైబర్ దాడి ఆనవాళ్లేవీ దొరకలేదని నేవీ తేల్చేసింది.

ఫిట్జెరాల్డ్‌లో రాడార్లను సరిగా సెట్ చేసుకోలేదు. ఓడ దగ్గరికొస్తున్నా డ్యూటీ ఆఫీసర్ కెప్టెన్‌ను పిలవలేదు.

మెక్‌కెయిన్ కథ ఇంకా విచిత్రం. స్టీరింగ్, వేగం రెండూ చూసుకోలేక నావికుడు ఇబ్బంది పడుతుంటే, వేగం కంట్రోల్‌ను పక్క సీటుకు మార్చమన్నారు కెప్టెన్. టచ్‌స్క్రీన్‌పై పొరపాటున స్టీరింగ్ కూడా అటే వెళ్లిపోయింది. స్టీరింగ్ పోయిందని నావికుడు కేకేశాడు. నిజానికి అది పక్క సీటు దగ్గరే భేషుగ్గా ఉంది! స్పీడ్ తగ్గించమంటే రెండు ప్రొపెల్లర్లలో ఒకటే నెమ్మదించింది. ఓడ ఎడమకు తిరిగి ట్యాంకర్ దారిలోకి వెళ్లింది. ఇదంతా దాదాపు మూడు నిమిషాల్లోనే.

శిక్షణ చాలలేదని, నేవీ పర్యవేక్షణ సరిగా లేదని 2019లో అమెరికా రవాణా భద్రతా బోర్డు తప్పుపట్టింది. ప్రమాదానికి ముందు 24 గంటల్లో బ్రిడ్జి సిబ్బందికి సగటున 5 గంటల నిద్ర కూడా లేదట. టచ్‌స్క్రీన్ థ్రాటిల్ తీసేసి మళ్లీ చేత్తో తిప్పే లివర్లే పెడతామని అదే ఏడాది నేవీ ప్రకటించింది.