షుగర్ రిపోర్ట్‌లో ఆ 140 ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క నంబర్ గురించి. 140.

రెండేళ్ల క్రితం మా అక్క ఆరో నెల కడుపుతో ఉన్నప్పుడు గ్లూకోజ్ పరీక్ష చేశారు. రిపోర్ట్‌లో 162 వచ్చింది. పక్కనే "140 లోపు ఉండాలి" అని ఉంది. ఇక ఇంట్లో మొదలైంది. "మామిడిపళ్లు తగ్గించవే అంటే విన్నావా?" అని పెద్దమ్మ. సీమంతం రోజు అందరూ లడ్డూలు తింటుంటే అక్క ఒక పక్కన ఊరికే కూర్చుంది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "బిడ్డకి నేనే ఏదో చేశాన్రా" అని ఏడ్చింది.

అప్పట్లో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోడ్‌లో ఎవరో ఒక నంబర్ పెట్టి, ఎందుకు పెట్టారో రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మరి ఈ 140 ఎవరు పెట్టారు? వెతుక్కుంటూ వెళ్తే వందేళ్లకు పైబడిన కథ దొరికింది.

1882లో లండన్‌లో మాథ్యూస్ డంకన్ అనే డాక్టర్, షుగర్ ఉన్న గర్భిణుల కేసులన్నీ ఒకచోట చేర్చి చెప్పాడు. చదివితే గుండె తరుక్కుపోతుంది. తల్లులు పోయారు, బిడ్డలు పోయారు. అప్పటికి మందు లేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తిండి తగ్గించి, దాదాపు పస్తులు ఉంచడమే వైద్యం. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక 14 ఏళ్ల అబ్బాయికి ఇచ్చారు. దాంతో షుగర్ ఉన్న ఆడపిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు, తల్లులవ్వాలనుకున్నారు. తల్లి బతుకుతోంది సరే, బిడ్డ సంగతేంటి?

ఇక్కడ నా ఫేవరెట్ మనిషి వస్తుంది. ప్రిసిల్లా వైట్. 1924లో బోస్టన్‌లో డాక్టర్ జోస్లిన్ దగ్గర చేరింది. అప్పుడు అక్కడ షుగర్ ఉన్న తల్లుల బిడ్డల్లో దక్కుతున్నది సుమారు 54 శాతం. 1974లో ఆమె రిటైర్ అయ్యేసరికి అది 90 శాతం దాటింది. అద్భుతమేమీ జరగలేదు. ఇన్సులిన్, కొలిచి పెట్టిన తిండి, పదేపదే పరీక్షలు, నెలలు పూర్తిగా నిండకముందే జాగ్రత్తగా కాన్పు. యాభై ఏళ్ల ఓపిక, అంతే.

ఇదంతా ముందే షుగర్ ఉన్నవాళ్ల కథ. మా అక్కలా కడుపుతో ఉన్నప్పుడే బయటపడే షుగర్ వేరు. దానికి గీత గీసింది 1964లో, మళ్లీ బోస్టన్‌లోనే. ఓసల్లివాన్ అనే డాక్టర్, మహన్ అనే గణాంక నిపుణురాలు 752 మంది గర్భిణులకు 100 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రక్తంలో షుగర్ కొలిచారు. ఇంకో 1,013 మంది మీద ఆ గీతను సరిచూశారు. ఇక్కడే ట్విస్ట్. వాళ్లు చూసింది బిడ్డ ఎలా పుట్టిందని కాదు. ఆ తల్లుల్లో ఎవరికి తర్వాతి ఏళ్లలో షుగర్ వ్యాధి వస్తుందని! అంటే ఆ మొదటి గీత తల్లి భవిష్యత్తు గురించిన హెచ్చరిక అన్నమాట. ఆమె తప్పు చేసిందని తీర్పు కాదు.

తప్పు ఎందుకు కాదో కూడా చెప్తాను. కడుపులో మాయ పెరిగేకొద్దీ అది వదిలే హార్మోన్లు తల్లి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. బిడ్డకి గ్లూకోజ్ సరిపడా అందాలని శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. దాన్ని తట్టుకోవడానికి తల్లి క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేయాలి. వంశం, వయసు, బరువు లాంటి కారణాల వల్ల కొందరిలో అది సరిపోదు. పెద్దమ్మా, వింటున్నావా? ఒక్క మామిడిపండు వల్ల కాదు.

మన దగ్గరికొస్తే, చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య ఒక సింపుల్ ప్రశ్న వేసుకున్నారు. పరగడుపున రమ్మంటే, దూరం ఊరి నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణి సంగతేంటి? అందుకే ఎప్పుడు తిన్నా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీసే పద్ధతిని ముందుకు తెచ్చారు. 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే షుగర్ అన్నట్టు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్నదీ ఈ పద్ధతే. మొదటి చెకప్‌లో ఒకసారి, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి. అక్క రిపోర్ట్‌లో ఉన్న 140 ఇదే.

సరే, శరీరానికి నంబర్ దొరికింది. మరి మనసుకి? దానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది. స్కాట్లాండ్‌లో కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పట్టుకోవడానికి పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్ తయారుచేశారు. నవ్వగలుగుతున్నారా, అనవసరంగా మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా, ఇలాంటివి. ఆ రెండో ప్రశ్న చదవగానే నాకు అక్క ఫోన్ గుర్తొచ్చింది.

ఈ రెండు దారులు 2005లో కలిశాయి. ఆస్ట్రేలియాలో కరోలిన్ క్రౌథర్ బృందం, రెండు గంటల షుగర్ 140కి పైన ఉన్న 1,000 మంది గర్భిణులతో ఒక ట్రయల్ చేసింది. సగం మందికి విషయం చెప్పి, తిండి సలహా, షుగర్ చెకింగ్, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చారు. మిగతా సగానికి మీకు గర్భిణి షుగర్ లేదనే చెప్పారు. బిడ్డలకు తీవ్రమైన ఇబ్బందులు చికిత్స లేని వైపు 4 శాతం, ఉన్న వైపు 1 శాతం. కాన్పయిన మూడు నెలలకు 573 మంది దగ్గర మనసు సంగతి కూడా అడిగారు, అదే ఎడిన్‌బరో స్కేల్‌తో. డిప్రెషన్ సూచనలు ఎవరిలో ఎక్కువ ఉండాలి? షుగర్ ఉందని తెలిసి భయపడ్డవాళ్లలో అనుకున్నాను నేను. కాదు. వాళ్లలో 8 శాతం, ఏమీ తెలియనివాళ్లలో 17 శాతం.

ఎందుకు అనేది ఆ ఒక్క ట్రయల్ తేల్చలేదు. నాకు అర్థమైంది మాత్రం ఇది: నంబర్ తెలిసినందువల్లే మనిషి కుంగిపోదు. నంబర్ చేతిలో పెట్టి, నీ తప్పే అని ఒంటరిగా వదిలేస్తే కుంగిపోతుంది.

ఈ కథంతా అక్కకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే రేపట్నుంచి సాయంత్రం నాతో వాకింగ్‌కి రా" అంది. వెళ్లాను. పాప బాగుంది. కాన్పయిన ఆరు వారాలకు చేయాల్సిన షుగర్ పరీక్ష కూడా అక్క మర్చిపోకుండా చేయించుకుంది. 1964 హెచ్చరిక తనకేగా!

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్ట్ వస్తే, మందులూ తిండీ డాక్టర్ చెప్తారు. మీరు "ఏం తిన్నావ్?" అని అడిగే ముందు "ఎలా ఉన్నావ్?" అని అడగండి. జవాబు విని భయమేస్తే ఆ మాట కూడా డాక్టర్‌కి చెప్పండి, లేదా 14416కి కాల్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఫ్రీ. ఉంటాను, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.