జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో పుస్తకాభిమానం

నచ్చిన కవిని కంఠతా పట్టడం, ఆయన మాటను గోడకెక్కించడం, ఆయన కోసం స్నేహితులతో గొంతు చించుకోవడం, ఆయన శైలినే అనుకరించి నవ్వుకోవడం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో పాఠకుల అభిమానం ఈ రూపాల్లో సాగుతూ వచ్చింది. మూడూ పాత కరీంనగర్ జిల్లాలోవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. నేడు ఈ అభిమానం ఎక్కువగా ఫోనులో కనిపిస్తున్నా, దాని అలవాట్లన్నీ ఫోను కంటే చాలా పాతవి.

పూర్వరంగం

10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో పంపకవి కన్నడ కావ్యం చెప్పగా, ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్టమీద తెలుగు కంద పద్యాలు చెక్కించాడు. తర్వాతి శతాబ్దాల్లో ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం వీధిబడి పిల్లల నోట నిలిచింది.

ఆధునిక కాలపు మొదటి పెద్ద రగడ ఒక్క మాటతో రాజుకుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులకు చోటు దక్కింది. మరుసటి ఏడాది నాలుగో ఆంధ్ర మహాసభ మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగింది. పుస్తకం గురించి వాదించడమంటే మన ఉనికి గురించి వాదించడమేనన్న పట్టుదల ఈ ప్రాంతపు చర్చల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

విశ్వనాథ, సినారె

విశ్వనాథ సత్యనారాయణ 1959 నుంచి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఇదే ప్రాంతపు వంగరకు చెందిన పి.వి. నరసింహారావు విశ్వనాథ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. అంతటి లావు పుస్తకాన్ని మరో భాషలోకి మోసుకుపోవడం కంటే పెద్ద అభిమానం మరొకటి ఉండదు. విశ్వనాథా, శ్రీశ్రీయా అన్న తగవు తెలుగునాట ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడి పాఠకులకు మాత్రం ఆ ఇద్దరిలో ఒకరు తమ జిల్లాలో పాఠం చెప్పి వెళ్ళిన పంతులు కూడా.

సి. నారాయణరెడ్డి (సినారె) 1931 జులై 29న సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టారు. సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. తెలుగు ఆధునిక కవిత్వాన్ని హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయపు పుస్తకాల్లో తనంత తానే వెతుక్కుని చదివారు. 'విశ్వంభర'కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. తెలుగులో అంతకుముందు ఆ పురస్కారం అందుకున్నది విశ్వనాథ ఒక్కరే. 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాట మొదలుపెట్టిన సినారెను కవిగా చూడాలా, పాటల రచయితగా చూడాలా అన్న వాదన ఎంతకీ తెగలేదు. సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య రేడియోలో ఆయన పాట విన్న సిరిసిల్లలో అది వాదనగా మిగిలిందే తప్ప అభిమానాన్ని తగ్గించలేదు.

అలిశెట్టి ప్రభాకర్

ఈ చరిత్రకు గుండెకాయ అలిశెట్టి ప్రభాకర్ (1954–1993). జగిత్యాలలో పుట్టిన ఆయన ముందు చిత్రకారుడు, ఆ తర్వాతే కవి. పత్రికలకు బొమ్మలు వేస్తూ, జగిత్యాలలోని 'సాహితీ మిత్ర దీప్తి' సాంగత్యంతో కవిత్వంలోకి వచ్చారు. తొలి కవిత 'పరిష్కారం' 1975లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో అచ్చయింది. బతుకుతెరువు ఫోటోగ్రఫీ: జగిత్యాలలో 'పూర్ణిమ', కరీంనగర్‌లో 'శిల్పి', హైదరాబాదులో 'చిత్రలేఖ' స్టూడియోలు నడిపారు. 'ఎర్ర పావురాలు' (1978), 'మంటల జెండాలు' (1979), 'చురకలు' (1981), 'రక్తరేఖ' (1985), 'సంక్షోభ గీతం' (1990), 'సిటీ లైఫ్' (1992) ఆయన సంపుటాల్లో ముఖ్యమైనవి.

'ఎర్ర పావురాలు' వచ్చిన ఏడాదే, 1978 సెప్టెంబరు 7న, రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అటువంటి రోజుల్లో లావు పుస్తకం చేతపట్టుకుని తిరగడం కష్టం. నాలుగు పంక్తుల కవిత తలలోనే ఉంటుంది. అలిశెట్టి మినీకవిత కూర్పు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మొదటి రెండు పంక్తుల్లో రోజూ చూసే వస్తువొకటి, ఆఖరి మాటలో దాని తలకిందులు. పక్కన ఆయనే గీసిన నల్లటి బొమ్మ. చదవడానికి పట్టేది కొన్ని క్షణాలే, ఆ మాట మాత్రం ఎంతకీ వదలదు. గోడమీద రాయడానికి సున్నం, బొగ్గు చాలు. అందుకే కవి పేరు తెలియకుండానే ఆ కవితలు నోళ్ళలో తిరిగాయి.

ఆయన చుట్టూ రేగిన ప్రధాన చర్చ ఇది కవిత్వమా, నినాదమా అన్నది. మినీకవిత చమత్కారం దగ్గరే ఆగిపోతుందన్న విమర్శ అప్పట్లో బలంగా వినిపించింది. ఆ చమత్కారం ఆకలి మీద, వ్యభిచారపు కూపంలో పడ్డ ఆడదాని మీద, నగరం మీద పడినప్పుడు ఏమవుతుందో అభిమానులు ఉదాహరణలతో చూపించేవారు. ఆంధ్రజ్యోతిలో సుమారు ఆరేళ్ళు సాగిన 'సిటీ లైఫ్' శీర్షిక ఆ వాదనలో వారి పక్షాన నిలిచిన గట్టి సాక్ష్యం. క్షయవ్యాధితో 1993 జనవరి 12న, తన పుట్టినరోజునాడే, 39 ఏళ్ళకు ఆయన కన్నుమూశారు. 2013లో మిత్రులు కవితలన్నిటినీ ఒకే సంపుటిగా తెచ్చారు.

మన కథ, మన యాస

అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' జగిత్యాల రైతాంగ పోరాటాల నుంచి పుట్టిన నవల. జగిత్యాలకే చెందిన బి.ఎస్. రాములు 'బతుకుపోరు' బీడీ కార్మికుల నవల. ఒళ్ళో చాట, అందులో తునికాకు, తంబాకు, దారం, కట్టకు 25 బీడీల లెక్క: కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్ళలో రోజూ కనిపించే ఈ పని అచ్చులో కనబడటం పాఠకులకు కొత్త అనుభవం. రచయిత వర్ణనలో కూడా తెలంగాణ యాస ఉండాలా, పాత్రల మాటల్లో ఉంటే చాలా అన్న చర్చ ఇటువంటి రచనలతోనే పదునెక్కింది. సినిమాల్లో ఈ యాసను దుష్టపాత్రలకో, నవ్వుల పాత్రలకో అంటగట్టిన కాలమది. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' వీడియోల్లో అదే యాస తన ఇంట్లో తాను నవ్వుతూ వినిపించింది.

వారపత్రికల సీరియళ్ళ అభిమానం అన్ని తెలుగు పట్టణాల్లాగే ఇక్కడా ఉండేది. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ నవలలు అద్దె దుకాణాల్లో అట్టలూడేదాకా తిరిగాయి. 'తులసిదళం' వచ్చాక క్షుద్ర సాహిత్యం అన్న మాట చుట్టూ, రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' వచ్చాక ఇళ్ళలోనూ వాదోపవాదాలు నడిచాయి.

హాస్యం

అభిమానానికి పేరడీ తోబుట్టువు. విశ్వనాథ, కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, ఎవరి గొంతునైనా పట్టగలిగిన జరుక్ శాస్త్రి (1914–1968) ఈ విద్యలో దిట్ట. మూలం నోటికి రానివాడికి పేరడీ రాయడం కుదరదు, విన్నవాడికీ మూలం తెలియకపోతే నవ్వు రాదు. కనుక పేరడీ పండిన చోట ఆ కవి బాగా చదవబడుతున్నాడనే లెక్క. శతక మకుటాలకు కొత్త పాదాలు తగిలించడం, 'కన్యాశుల్కం' గిరీశం లెక్చర్లను పరీక్షలకో పెళ్ళిచూపులకో అన్వయించడం, ఇప్పుడు హాస్యనటుడు బ్రహ్మానందం బొమ్మ కింద మహాకవి పంక్తిని మార్చి పెట్టడం ఒకే వరుసలోనివి.

అంతర్జాలంలో

1998లో మొదలైన 'ఈమాట' పత్రిక, 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో ప్రారంభించిన 'కవి సంగమం' తెలుగు పాఠకుల చర్చలకు కొత్త వేదికలయ్యాయి. వాటితో బొంబాయి, గల్ఫ్‌లలో పనిచేసే జగిత్యాల, సిరిసిల్ల వారికి ఊరి కబుర్లతోపాటు ఊరి కవి కూడా దగ్గరయ్యాడు. అలిశెట్టి కవితకు ఫోను తెర అచ్చంగా సరిపోయింది: పంక్తులు నాలుగే, బొమ్మ ఒకటి, వేలితో జరపనక్కర్లేకుండా మొత్తం ఒకేసారి కనబడుతుంది. చేతులు మారే కొద్దీ బొమ్మ అంచులు తెగి కవి పేరు ఊడిపోతుంది, కొన్నిసార్లు శ్రీశ్రీ పేరు చేరుతుంది. అటువంటిది కంటపడగానే కవిత పేరు, సంపుటి పేరు, ఏడాది రాసి సరిదిద్దే అభిమానులున్నారు. ఏటా జనవరి 12న జయంతి, వర్ధంతి ఒకే రోజు కావడంతో ఆ సవరణల పని ఎక్కువగా ఉంటుంది.