ముందు ఆగేది సాంసా, ధడ్కనా?



మన ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ అనగానే ముందు చేసే పని ఈసీజీ. ఛాతీకి, చేతులకు, కాళ్లకు వైర్లు తగిలించి, గళ్ల కాగితం మీద గీతలు తీసి, ‘దిల్ బాగానే ఉంది, మత్తు ఇవ్వొచ్చు’ అంటారు. మత్తుకూ దిల్‌కూ ఏమిటి తాల్లుఖ్ అని మనం అడగం. కానీ సరిగ్గా ఈ సవాల్ మీదే ఒకప్పుడు దునియాలోని పెద్ద పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి బహస్ చేసుకున్నారు. ఆ బహస్‌కు ఒక మైదానం మన హైదరాబాద్. ఖర్చు పెట్టుకున్నది నిజాం సర్కార్. ఈ దాస్తాన్ మన పిల్లలకు ఎవరూ చెప్పరు. అందుకే ఈరోజు రాస్తున్నాను.

కథలోకి వెళ్లే ముందు దిల్ చేసే పని నాలుగు మాటల్లో చూద్దాం. ఉలమాలు బయానుల్లో చెప్పే ఖల్బ్ సంగతి వేరు. నేను చెప్పేది ఛాతీలో కొట్టుకునే గోష్త్ ముక్క సంగతి. సుమారు మన పిడికిలంత ఉంటుంది. అందులో నాలుగు గదులు. ఒళ్లంతా తిరిగి వచ్చిన ఖూన్ కుడివైపు గదుల్లోకి వస్తుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, హవా తీసుకుని ఎడమవైపుకు చేరుతుంది. ఎడమవైపు కింది గది దాన్ని మళ్లీ ఒళ్లంతటికీ తోస్తుంది. ఇలా నిమిషానికి 70 సార్లు అటూ ఇటుగా, నిమిషానికి దాదాపు 5 లీటర్లు. రోజుకు లక్ష ధడ్కన్లు. ఖూన్ ఊపిరితిత్తుల గుండా ప్రయాణించే ఈ దారిని 13వ శతాబ్దంలోనే రాసిపెట్టినవారు దమిష్క్‌లో చదివి ఖాహిరాలో స్థిరపడిన హకీమ్ ఇబ్న్ అల్-నఫీస్.

మరి ఈ గదులన్నీ వరుస తప్పకుండా ఎలా ముడుచుకుంటాయి? బిజిలీ వల్ల. కుడివైపు పై గదిలో ఒక చిన్న ముద్ద ఉంది. అక్కడ తనంతట తానే సన్నని కరెంటు పుడుతుంది. ఈద్‌గాహ్‌లో ఈద్ నమాజ్‌ను గుర్తు తెచ్చుకోండి. ఇమామ్ సాహెబ్ తక్బీర్ అంటారు. జమాఅత్ పెద్దదైతే మధ్యలో ముకబ్బిర్ ఒక క్షణం ఆగి, అదే తక్బీర్‌ను గట్టిగా అందుకుంటాడు. వెనక సఫ్‌లన్నీ ఒకేసారి రుకూలోకి వెళతాయి. దిల్‌లోనూ అంతే. పైగదిలోని ముద్ద ఇమామ్. పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న ఇంకో ముద్ద ముకబ్బిర్. అది కరెంటును సెకనులో పదో వంతు ఆపి పంపుతుంది. ఆ కాస్త వఖ్ఫాలో కింది గదులు ఖూన్‌తో నిండుతాయి. తర్వాత సన్నని తీగల్లాంటి పోగుల గుండా కబురు అన్ని మూలలకూ చేరి, కింది గదులు ఒక్కసారిగా ముడుచుకుంటాయి. ఇమామ్‌కు ఏదైనా అయితే వెనకున్నవారిలో ఒకరు ముందుకు వచ్చి నమాజ్ పూర్తి చేయించినట్టు, పై ముద్ద పని ఆపితే మధ్యలోని ముద్ద కాస్త నెమ్మదిగానైనా ధడ్కన్ నడిపిస్తుంది. సుబ్హానల్లాహ్.

ఇక అసలు కథ. 1847లో స్కాట్లాండ్ డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్ వాడకం మొదలుపెట్టాడు. రుమాలు మీద నాలుగు చుక్కలు వేసి వాసన చూపిస్తే మనిషికి స్పృహ ఉండదు. కోతల ఆపరేషన్లకు అదొక నేమత్‌లా అనిపించింది. కానీ 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్లకు కాలి గోరు తీయడానికి క్లోరోఫామ్ ఇస్తే, నిమిషాల్లో చనిపోయింది. ఆ తర్వాత అలాంటి మౌత్‌లు ఇంకా జరిగాయి. ఎందుకు? లండన్ డాక్టర్ జాన్ స్నో ‘దిల్ ఆగుతోంది, నబ్జ్ చూడండి’ అన్నాడు. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్, ఆయన షాగిర్దులు ‘కాదు, సాంస్ చూస్తే చాలు’ అన్నారు.

సైమ్ షాగిర్దుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు, ఇక్కడి మెడికల్ స్కూల్‌కు ప్రిన్సిపల్ అయ్యాడు. అఫ్జల్‌గంజ్ దవాఖానాలో క్లోరోఫామ్ ధారాళంగా వాడేవాడు. 1908 మూసీ తుగ్యానీలో కొట్టుకుపోయిన దవాఖానా అది. దాని వారసుడే మన ఉస్మానియా. తన ఉస్తాద్ మాటే సచ్ అని సాబిత్ చేయడానికి లారీ 1888లో ఒక కమిషన్ వేయించి కుక్కల మీద తజుర్బాలు చేశాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దాన్ని ఒప్పుకోలేదు.

అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కార్ ఒక పని చేసింది. ‘మీ మనిషినే పంపండి, కళ్లతో చూసి చెప్పండి’ అని లాన్సెట్‌కు 1,000 పౌండ్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది పెద్ద రఖం. పత్రిక పంపిన మనిషి లాడర్ బ్రంటన్, దిల్ మందుల్లో నామీ డాక్టర్. ఆయన కూడా క్లోరోఫామ్ దిల్‌కు ఖతర్నాక్ అని నమ్మి వచ్చినవాడే. 1889 చివరి నెలల్లో ఈ రెండో కమిషన్ నాలుగు వందలకు పైగా జంతువుల మీద తజుర్బాలు చేసింది. తిరిగే డ్రమ్ మీద కాగితం చుట్టి, ఖూన్ దబావ్‌ను గీతలుగా రాయించారు. ఈ పనిలో సాయపడినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ ఖాతూన్ కూడా ఉంది. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివి, మత్తు ఇవ్వడంలో మహారత్ సంపాదించిన ఆమెను దునియాలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా లెక్కిస్తారు.

నతీజా ఏమొచ్చింది? ప్రతిసారీ ముందు సాంస్ ఆగింది, తర్వాతే దిల్. బ్రంటన్ తన రాయ్ మార్చుకుని, దిల్‌కు నేరుగా ఖత్రా ఏమీ లేదని లండన్‌కు తార్ కొట్టాడు. 1890లో రిపోర్ట్ లాన్సెట్‌లో వచ్చింది. సాంస్ ఒక్కటి చూసుకుంటే క్లోరోఫామ్ పూర్తిగా మహ్ఫూజ్ అని తేల్చారు.

కానీ అది సగం సచ్.

అదే 1889లో అబర్డీన్‌లో జాన్ మాక్‌విలియం అనే డాక్టర్ ఇంకో మాట రాశాడు. హఠాత్తుగా వచ్చే మౌత్‌లో దిల్ అలసి ఆగిపోదు. దాని కింది గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతాయి. మన మిసాల్‌లోనే చెప్పాలంటే, ముకబ్బిర్ ఆవాజ్ ఎవరికీ అందక, సఫ్‌లలో ఒకరు రుకూలో, ఒకరు సజ్దాలో, ఒకరు నిలబడి ఉన్నట్టు. ప్రతి కండ పోగూ కదులుతూనే ఉంటుంది, కానీ ఒక్క చుక్క ఖూన్ కూడా బయటికి పోదు. దీన్ని ఫిబ్రిలేషన్ అంటారు. ఆ మాటను అప్పుడు పట్టించుకున్నవారు చాలా తక్కువ.

1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద తజుర్బాలు చేసి ముడి విప్పాడు. క్లోరోఫామ్ ఎక్కువగా ఇస్తూ పోతే హైదరాబాద్‌లో చూసినట్టే ముందు సాంస్ ఆగుతుంది. కానీ మత్తు పైపైన ఉన్నప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ ఉరికితే, కింది గదులు ఒక్కసారిగా వణుకులోకి వెళ్లిపోతాయి. భయపడ్డప్పుడు, నొప్పి కలిగినప్పుడు మన ఒంట్లో ఊరేదే అడ్రినలిన్. ఆపరేషన్ అంటే వణికిపోయే మనిషికి కాస్త మత్తు ఇచ్చి కోత మొదలుపెడితే జరిగేది అదే. సాంస్‌ను ఎంత జాగ్రత్తగా చూసినా ఆ మౌత్‌ను ఆపలేరు. ఇత్తెఫాక్ చూడండి, మహబూబ్ అలీ పాషా ఇంతెఖాల్ అయిందీ ఆ 1911లోనే.

లారీ ఎక్కడ గలతీ చేశాడు? గీతలు తప్పు కాదు, లెక్కలు తప్పు కాదు. అడిగిన సవాలే చిన్నది. మత్తు ఎక్కువైతే ఏమవుతుందో చూశాడు. తక్కువ మత్తులో, ఖౌఫ్‌లో ఉన్న మనిషికి ఏమవుతుందో చూడలేదు. పైగా జవాబు ముందే దిల్‌లో పెట్టుకుని తహ్‌ఖీఖ్ మొదలుపెట్టాడు. ఉస్తాద్ మీద మొహబ్బత్ మంచిదే, కానీ తహ్‌ఖీఖ్‌లో అది కళ్లకు పర్దా కాకూడదు.

ఇన్సాఫ్‌గా ఇంకో మాటా చెప్పాలి. సాంస్‌ను క్షణం వదలకుండా చూడమన్న హైదరాబాద్ సబక్ ఫజూల్ కాదు. ఈరోజు ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ ముందు తెర మీద సాంస్ లెక్క, ధడ్కన్ గీత రెండూ కనిపిస్తాయి. ఒకటి లారీ మాట, ఇంకొకటి స్నో, లెవీల మాట. నూరేళ్ల ఝగ్డా ఒకే తెర మీద సులహ్ అయింది. ఆ వణుకుకూ ఇప్పుడు ఇలాజ్ ఉంది. 1947లో అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ 14 ఏళ్ల అబ్బాయి దిల్‌కు కరెంటు ఇచ్చి మళ్లీ దారిలో పెట్టాడు.

మన సర్కార్ ఖర్చు పెట్టిన తహ్‌ఖీఖ్‌లో గలతీ దొరికిందని సిగ్గుపడాలా? నాకైతే అనిపించదు. మనల్ని ఒప్పుకోనివాళ్లను మన ఖర్చుతో పిలిచి, మా పని మీరే పరీక్షించండి అనడానికి హిమ్మత్ కావాలి. ఆ హిమ్మత్ మీద ఫఖర్ చేద్దాం. అయితే ‘అంతా మనవాళ్లే కనిపెట్టారు’ అని వాట్సాప్‌లో పంపుకోవడం ఫఖర్ కాదు. గలతీతో సహా మన తారీఖ్‌ను పిల్లలకు చెబితేనే వాళ్లు రేపు సరైన సవాల్ అడుగుతారు.

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, దిల్‌కు, బీపీకి వేసుకునే గోలీలేమిటో మత్తు డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మరీజ్ పక్కన కూర్చుని ఏడవకండి, తసల్లీ ఇవ్వండి. ఖౌఫ్ దిల్‌కు ఏం చేయగలదో పైన చదివారు కదా.

అల్లాహ్ మనందరికీ సెహత్‌నూ, ఇల్మె నాఫేనూ ప్రసాదించుగాక. ఆమీన్.